గంటసేపటి ఆటగాడి యుద్ధాలు

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగంలో ఎంతటి చక్రవర్తి అయినా సాధారణంగా ముగ్గురు విలేజర్లతోనే బతుకు మొదలుపెట్టాలి. ఒక టౌన్ సెంటర్, గుర్రం మీద ఒక వేగులవాడు, ఖజానాలో 200 ఆహారం, 200 కలప, 100 బంగారం, 200 రాయి. మిగతా మ్యాప్ అంతా కటిక చీకటి. ఇంకో విలేజర్ కావాలంటే 50 ఆహారం ఖర్చుపెట్టి 25 సెకన్లు ఆగాలి. ఆ పాతిక సెకన్లలోనే గొర్రెలు ఎక్కడున్నాయో వెతకాలి, ఇల్లు కట్టించాలి, అడవి ఎటు పక్కన ఉందో చూసుకోవాలి. ఇల్లు లేకపోతే జనాభా ఐదుగురి దగ్గరే ఆగిపోతుంది. చీకటి యుగం దాటి ఫ్యూడల్ యుగంలోకి వెళ్లాలంటే 500 ఆహారం కూడబెట్టాలి. ఈలోగా అవతలివాడు దండెత్తి వచ్చాడంటే పొలాలూ గనులూ వదిలేసి అందరూ టౌన్ సెంటర్‌లోకి పరుగెత్తాల్సిందే.

ఈ ఆటను టోర్నమెంట్లలో ఆడేవాళ్లు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందే. పగలంతా ఆఫీసులోనో దుకాణంలోనో పని చేసి, రాత్రి భోజనాలయ్యాక ఒక గంట కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు మాత్రం లెక్కకు మిక్కిలి. వాళ్లకు ర్యాంకుల గొడవ లేదు. గెలిస్తే సంబరం, ఓడితే రేపు చూసుకుందాం అనుకుంటారు. పరిశ్రమ లెక్కల్లో వాళ్లు క్యాజువల్ గేమర్లు. ఆటలో తలపండినవాళ్లు వాళ్లను కాస్త చులకనగా చూస్తారు. కానీ వీడియో గేముల చరిత్రను తిరగేసినకొద్దీ ఒక సంగతి బయటపడుతుంది. మంచి డిజైనర్లు బుర్ర బద్దలు కొట్టుకున్నది ఎక్కువగా ఈ గంటసేపటి ఆటగాడి కోసమే. నిర్ణయం తీసుకోవడానికి అతనికి ఎంత వ్యవధి ఇవ్వాలి? తప్పు చేస్తే ఎంత శిక్ష వేయాలి? స్ట్రాటజీ ఆటలైనా, యాక్షన్ ఆటలైనా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే ఎదిగాయి.

ఆలోచనకు గడువు

1991లో మైక్రోప్రోస్ సంస్థ విడుదల చేసిన సివిలైజేషన్‌ను సిడ్ మెయర్, బ్రూస్ షెల్లీ కలిసి రూపొందించారు. క్రీస్తుపూర్వం 4000లో మొదలై, అంతరిక్ష నౌకను పంపేదాకా సాగే ఆట అది. పులీ మేకాలో లాగే ఒకరి వంతు అయ్యాక ఇంకొకరి వంతు. ఆటగాడు తన ఎత్తు వేసేదాకా ప్రపంచం కదలదు. నడుమ లేచి వెళ్లి పిల్లల హోంవర్కు చూసి వచ్చినా శత్రుసైన్యం ఎక్కడిదక్కడే నిలబడి ఉంటుంది. ఆసక్తి కలిగించే నిర్ణయాలు ఒకదాని వెంట ఒకటి ఎదురవడమే ఆటకు ప్రాణమని మెయర్ అనేకసార్లు చెప్పాడు. అందుకే ఈ ఆట ముందు కూర్చున్నవాళ్లు ఇంకొక్క వంతు, ఇంకొక్క వంతు అనుకుంటూ అర్ధరాత్రి దాటించేస్తారు.

ఆ మరుసటి ఏడాదే వెస్ట్‌వుడ్ స్టూడియోస్ నుంచి డ్యూన్ 2 వచ్చింది. ఇందులో గడియారం ఆగదు. ఇసుకలోంచి స్పైస్ తవ్వుకురావాలి, స్థావరం కట్టాలి, మౌస్‌తో సైన్యాన్ని నడపాలి, శత్రువు దాడి చేస్తే తిప్పికొట్టాలి. అన్నీ ఒకేసారి. రియల్ టైమ్ స్ట్రాటజీ అనే కొత్త దారికి మూసగా నిలిచింది ఈ ఆటే.

సివిలైజేషన్‌కు పనిచేసిన బ్రూస్ షెల్లీ తర్వాత డాలస్‌లోని ఎన్‌సెంబుల్ స్టూడియోస్‌లో చేరాడు. సివిలైజేషన్‌లోని చరిత్ర, డ్యూన్ తరహా వేగం అక్కడ కలిశాయి. 1997లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, 1999లో దాని రెండో భాగం మైక్రోసాఫ్ట్ పేరు మీద వచ్చాయి. చరిత్ర పుస్తకంలో చదివిన బైజాంటియన్లు, మంగోలులు, పర్షియన్లు తెర మీదికి దిగారు. యుద్ధ సూత్రం మాత్రం ఎవరికైనా అర్థమయ్యేంత తేలిక. గుర్రపుదళానికి బల్లెం మొగుడు, బల్లేనికి విల్లు మొగుడు, విల్లుకు గుర్రం మొగుడు. అవతలివాడు ఏ దళం తయారు చేస్తున్నాడో వేగులవాణ్ని పంపి ముందే తెలుసుకున్నవాడికి సగం యుద్ధం గెలిచినట్టే.

యాక్షన్ ఆటలో ఈ ఆలోచన అంతా అరసెకనులో జరిగిపోవాలి. గోతి మీంచి దూకాలా వద్దా, మూల తిరగ్గానే కాల్చాలా, ఒక అడుగు వెనక్కి వేయాలా? నిర్ణయాల స్వభావం ఒకటే, గడువు మాత్రం వేరు. పోలండ్‌కు చెందిన బృందం 2016లో విడుదల చేసిన సూపర్‌హాట్ ఈ సంగతిని ఆటగా చేసి చూపించింది. చూడటానికి అది తుపాకుల ఆట. కానీ ఆటగాడు కదిలితేనే కాలం కదులుతుంది. అతను నిలబడిపోతే దూసుకొచ్చే తూటా కూడా గాలిలో ఆగినంత పని చేస్తుంది. చేతిలో తుపాకీ ఉన్నా ఆడేది మాత్రం ఎత్తుల ఆటే.

ప్రిన్స్, అతని నీడ

తెలుగు నాట కంప్యూటర్ చూసిన మొదటి తరానికి యాక్షన్ ఆట అంటే చాలామందికి ప్రిన్స్ ఆఫ్ పర్షియానే. ఫ్లాపీల్లో చేతులు మారుతూ వచ్చిన ఆట అది. 1989లో జోర్డాన్ మెక్నర్ దాన్ని యాపిల్ 2 కంప్యూటర్ కోసం తయారు చేశాడు. తన తమ్ముడు డేవిడ్ చేత పరుగులు పెట్టించి, గెంతించి, వీడియో తీసి, ఆ కదలికలను ఒక్కో ఫ్రేముగా బొమ్మలోకి దించాడు. అందుకే ఆ యువరాజు పరుగు చివర కాస్త జారి ఆగుతాడు, అంచు పట్టుకుని వేలాడి ఒళ్లు బరువెక్కినట్టు పైకి లేస్తాడు. సంగీతం మెక్నర్ తండ్రిది. రాకుమారిని కాపాడటానికి ఉన్న గడువు మొత్తం 60 నిమిషాలు.

ఈ ఆట వెనక ఒక చక్కని కథ ఉంది. యువరాజు కదలికలకే ఆ చిన్న కంప్యూటర్ మెమరీ చాలావరకు నిండిపోయింది. ఇంకో పాత్రను పెట్టడానికి చోటు లేదు. శత్రువు లేకపోతే ఆటలో పస లేదని స్నేహితుల పోరు. అప్పుడు యువరాజు బొమ్మనే ఒక బిట్ పక్కకు జరిపి, దాని మీదే తిరగేసి వేస్తే మిణుకు మిణుకుమనే నీడ మనిషి పుట్టాడు. దానికి అదనపు మెమరీ దాదాపు అక్కర్లేదు. అద్దంలోంచి దూకే ఆ నీడ ఆట పొడవునా యువరాజు పనులు చెడగొడుతుంది. చివర్లో కత్తి దూసి దాన్ని పొడిస్తే దెబ్బ తనకే తగులుతుంది. కత్తి ఒరలో పెట్టి ఎదురెళ్లినప్పుడే నీడ అతనిలో కలిసిపోతుంది. వేళ్ల చురుకుదనం మీద నడిచే ఆటలో, అన్నిటికంటే చిక్కైన పోరాటాన్ని ఆలోచనతో గెలవాల్సి రావడం ఆనాటి ఆటగాళ్లు నేటికీ చెప్పుకునే విశేషం.

మెక్నర్ 2003లో యూబీసాఫ్ట్ మాంట్రియల్ బృందంతో కలిసి ద శాండ్స్ ఆఫ్ టైమ్‌కు పనిచేశాడు. అందులో యువరాజు చేతికి ఒక బాకు వచ్చింది. జారి పడ్డా, కత్తివేటు తప్పినా, ఆ బాకుతో కొన్ని సెకన్లు వెనక్కి తిప్పుకోవచ్చు. తప్పు చేసినవాణ్ని మొదటికి పంపే పద్ధతి నుంచి, ఆ తప్పును అక్కడికక్కడే దిద్దుకోనిచ్చే పద్ధతికి ఒక పెద్ద ఆట మారింది. రోజూ గంటే తీరిక ఉన్నవాడికి ఇది వరం లాంటిది.

ఇంటర్నెట్ సెంటర్ రోజులు

2000 తర్వాతి తొలి ఏళ్లలో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వీధుల్లో ఇంటర్నెట్ సెంటర్లు వెలిశాయి. గంటకు ఇంత అని కట్టి, చెక్క గదుల్లో కూర్చుని మెయిల్ చూసుకునేవాళ్లు ఒక పక్క, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్లు ఇంకో పక్క. ఇంట్లో కంప్యూటర్ ఉన్న స్నేహితుడి దగ్గర వైస్ సిటీ, రోడ్ రాష్, ప్రాజెక్ట్ ఐజీఐ తప్పనిసరి. వైస్ సిటీ చీట్ కోడ్లను నోటుబుక్కుల వెనక పేజీల్లో రాసుకునేవారు. పాంజర్ అని కొడితే యుద్ధట్యాంకు ఊడిపడేది, ఆస్పిరిన్ అని కొడితే ప్రాణం నిండేది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో ఒక కోడ్ కొడితే మధ్యయుగపు సైన్యం నడుమ తుపాకులు బిగించిన స్పోర్ట్స్ కారు ప్రత్యక్షమయ్యేది.

చీట్ కోడ్ల పుట్టుకలోనూ ఆటగాడి కష్టమే ఉంది. జపాన్ సంస్థ కొనామీలో కజుహిసా హషిమోటో 1986లో గ్రేడియస్ అనే ఆటను నింటెండో యంత్రానికి మలుస్తున్నాడు. పరీక్షించడానికి తానే ఆడబోతే ఆట మరీ కష్టంగా ఉంది. దాంతో రెండుసార్లు పైకి, రెండుసార్లు కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ నొక్కితే ఆయుధాలన్నీ వచ్చేలా ఒక దొడ్డిదారి పెట్టుకున్నాడు. అది ఆటలోనే మిగిలిపోయి జనంలోకి వెళ్లింది. అమెరికాలో అమ్మిన కాంట్రా ఆటలో అదే వరస నొక్కితే 30 ప్రాణాలు దక్కేవి.

ప్రాజెక్ట్ ఐజీఐ దగ్గర మాత్రం ఇలాంటి దయాదాక్షిణ్యాలు తక్కువ. నార్వేకు చెందిన ఇన్నర్‌లూప్ స్టూడియోస్ తయారు చేసిన ఈ ఆట 2000 డిసెంబరులో వచ్చింది. కొండల మధ్య విశాలమైన సైనిక స్థావరాలు, కంచెలు, కాపలా బురుజులు, కెమెరాలు. ఎటు నుంచి చొరబడాలో ఆటగాడి ఇష్టం. కానీ మిషన్ నడుమ సేవ్ చేసుకునే వీలు లేదు. అరగంట పాకుతూ, దాక్కుంటూ చివరిదాకా వచ్చి ఒక్క తూటాకు పడిపోతే మళ్లీ కంచె బయటినుంచే. అందుకే ఆడేవాళ్లు కెమెరా ఎటు తిరుగుతుందో, అలారం మోగితే ఏ గదిలోంచి సైనికులు వస్తారో కంఠతా పట్టేవారు. 2003లో వచ్చిన రెండో భాగంలో పరిమితంగానైనా సేవ్ చేసుకోనిచ్చారు.

తుపాకుల ఆటలో డబ్బు లెక్కలు

కౌంటర్ స్ట్రైక్ పెద్ద కంపెనీ గదుల్లో పుట్టలేదు. హాఫ్ లైఫ్ అనే ఆటను మార్చి మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్లు 1999లో జనంలోకి వదిలారు. జనాదరణ చూసి వాల్వ్ సంస్థ వాళ్లను చేరదీసి, 2000లో దాన్ని తన ఆటగా విడుదల చేసింది. బయటినుంచి చూసేవాడికి అది వట్టి కాల్పులే. లోపల జరిగేది వేరు. మొదటి రౌండుకు ఒక్కొక్కరి చేతిలో 800 డాలర్ల ఆట డబ్బు ఉంటుంది. 1.6 వెర్షన్‌లో ఏకే 47 ధర 2,500, దూరం నుంచి కాల్చే ఏడబ్ల్యూపీ 4,750. వరసగా ఓడిన జట్టు ఈ రౌండులో అందరూ పిస్తోళ్లతో సరిపెట్టుకుని డబ్బు దాచుకోవాలా, ఉన్నదంతా ఊడ్చి ఒక్కసారి తెగించాలా అన్నది ఐదుగురూ కలిసి తేల్చుకోవాలి. ఒకడు మాట వినకుండా తుపాకీ కొన్నాడంటే తర్వాతి రౌండులో జట్టు మొత్తం చిక్కుల్లో పడుతుంది.

గురి కుదరని సాధారణ ఆటగాడికి ఈ ఆటలో చోటు దొరికేది అక్కడే. డస్ట్ 2 మ్యాప్‌లో ఏ సందు ఎటు వెళ్తుందో, అడుగుల చప్పుడు ఎటువైపు నుంచి వస్తుందో, పొగబాంబు ఎక్కడ వేస్తే దారి మూసుకుంటుందో తెలిసినవాడు, గురి ఉన్న కుర్రాడికి దీటుగానే నిలబడతాడు.

ఇందుకు తిరగబడ్డ కథ స్టార్‌క్రాఫ్ట్‌ది. 1998లో బ్లిజర్డ్ తెచ్చిన ఈ స్ట్రాటజీ ఆట దక్షిణ కొరియాలో జాతీయ వ్యసనమంత స్థాయికి చేరింది. పీసీ బాంగ్‌లనే అక్కడి ఇంటర్నెట్ సెంటర్లు దీనితో కిటకిటలాడాయి. టీవీ ఛానెళ్లు పోటీలను ప్రసారం చేశాయి, ఆటగాళ్లు జీతాలు తీసుకుని ఆడారు. అగ్రశ్రేణి ఆటగాళ్ల చేతులు నిమిషానికి 300కు పైగా ఆదేశాలు ఇస్తాయి. అంటే సెకనుకు ఐదు. పేరుకు వ్యూహాల ఆట, ఆడితే వేళ్లకు తీరిక ఉండదు.

వయసు పైబడినవాడు ఇలాంటి ఆటలో నిలవగలడా? కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో స్టార్‌క్రాఫ్ట్ 2 ఆడే 3,305 మంది ఆటల రికార్డులను పరిశీలించారు. వాళ్ల వయసు 16 నుంచి 44 ఏళ్లు. తెర మీద కొత్త విషయం కనిపించాక చెయ్యి కదిలే వేగం 24 ఏళ్ల నుంచే తగ్గడం మొదలవుతోందని తేలింది. అదే పరిశోధనలో ఇంకో సంగతీ ఉంది. పెద్దవాళ్లు షార్ట్‌కట్ కీలను ఎక్కువగా వాడుకుంటూ, మనసు మీద భారం తగ్గించే సులువైన దారులు ఎంచుకుంటూ ఆ లోటును పూడ్చుకుంటున్నారు. ముప్ఫై దాటాక ఆటకు తిరిగి వచ్చే ఉద్యోగస్తులకు ఇంతకంటే పనికొచ్చే సలహా ఉండదు. వేగంలో కుర్రాళ్లతో పోటీ పడటం మానేసి, తక్కువ దళాలతో, బాగా తెలిసిన ఒకే ఒక పథకంతో ఆడితే ఆట మళ్లీ చేతికి వస్తుంది.

ఒకప్పుడు ప్రత్యర్థులుగా ఉన్న స్టార్‌క్రాఫ్ట్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఇప్పుడు ఒకే గూటిలో ఉన్నాయి. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివిన సత్య నాదెళ్ల సారథ్యంలోని మైక్రోసాఫ్ట్, బ్లిజర్డ్ మాతృసంస్థ యాక్టివిజన్ బ్లిజర్డ్‌ను 6,870 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు 2022 జనవరిలో ప్రకటించి, 2023 అక్టోబరులో ఆ ఒప్పందాన్ని పూర్తి చేసింది. బస్సుల్లో, రైళ్లలో కాలక్షేపానికి ఆడే క్యాండీ క్రష్ కూడా ఆ బేరంలోనే మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చింది.

కనిపించని సాయం

సగటు ఆటగాడికి తెలియకుండానే ఆట అతని పక్షాన నిలుస్తుంది. సిడ్ మెయర్ 2010లో గేమ్ డెవలపర్ల సదస్సులో ఈ రహస్యం విప్పాడు. యుద్ధంలో గెలుపు అవకాశం మూడుకు ఒకటి తన వైపు ఉన్నప్పుడు ఓడిపోతే ఆటగాడు ఊరుకోడు, ఆట మోసం చేసిందంటాడు. అదే మూడుకు ఒకటి తనకు ఎదురున్నప్పుడు గెలిస్తే మాత్రం అది తన ప్రతాపమే అనుకుంటాడు. లెక్క ప్రకారం రెండూ న్యాయమే, మనసుకు మాత్రం కాదు. అందుకే మెయర్ బృందం లెక్కను ఆటగాడి మనసుకు తగ్గట్టు సర్దింది. జపాన్‌కు చెందిన ఫైర్ ఎంబ్లెమ్ వరస ఆటల్లో 2002 నుంచి ఇలాంటి ఏర్పాటే ఉంది. దెబ్బ తగిలే అవకాశం ఇంత శాతం అని తెర మీద చూపిస్తారు. లోపల రెండు యాదృచ్ఛిక అంకెలు తీసి సగటు కడతారు. దాంతో 90 శాతం అని చూపిన దెబ్బ నిజానికి అంతకంటే ఎక్కువసార్లే తగులుతుంది, 20 శాతం అన్నది అంతకంటే తక్కువసార్లు తగులుతుంది. జనం శాతాలను ఎలా ఊహించుకుంటారో ఆట అలా నడుస్తుంది.

యాక్షన్ ఆటల్లో ఈ సాయం ఇంకా సూక్ష్మం. బయోషాక్‌లో శత్రువు పేల్చే తొలి తూటా గురి తప్పేలా చేశారు. ఎక్కడినుంచి కాల్పులు వస్తున్నాయో చూసుకునే వీలు ఆటగాడికి దొరకాలని డిజైనర్ల ఉద్దేశం. రెసిడెంట్ ఈవిల్ 4లో పదేపదే చచ్చిపోయేవాడికి శత్రువుల సంఖ్య, దూకుడు తగ్గుతాయి. సెలెస్ట్ వంటి గెంతే ఆటల్లో అంచు దాటి కాలు గాలిలో పడ్డాక కూడా కొద్ది క్షణాలపాటు దూకే అవకాశం ఉంటుంది. బటన్ ఆలస్యంగా నొక్కినవాడు తాను సరిగ్గానే నొక్కానని నమ్ముతాడు, ఆట ఆ నమ్మకాన్ని కాపాడుతుంది.

ఇంత సాయం చేస్తే గెలుపుకు విలువేముందని అడిగేవాళ్లున్నారు. 2019లో జపాన్ సంస్థ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ తెచ్చిన సెకీరోలో కష్టం తగ్గించుకునే మీట అసలు లేదు. అందరూ ఒకే గోడను ఎక్కాలి, ఎక్కినప్పుడు కలిగే ఆనందం అందరికీ ఒకటే కావాలి అన్నది ఆ డిజైనర్ల పట్టుదల. ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ ఆటగా నిలిచింది కూడా అదే. దానికి ఒక ఏడాది ముందు వచ్చిన సెలెస్ట్‌లో అసిస్ట్ మోడ్ ఉంది. ఆట వేగం తగ్గించుకోవచ్చు, ప్రాణం పోకుండా చేసుకోవచ్చు, ఎవరూ వెక్కిరించరు. 2020 నాటి ద లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగంలో చూపు, వినికిడి, చేతుల కదలిక సరిగా లేనివాళ్ల కోసం 60కి పైగా అమరికలు పెట్టారు. చూపు లేనివాళ్లు కూడా శబ్దాల ఆధారంగా ఆ ఆటను చివరిదాకా ఆడారు. సెకీరో లాంటి ఆటలు ఉండాల్సిందే. కానీ ఆట దగ్గరికి రాలేకపోయినవాళ్లను లోపలికి తెచ్చిన ఘనత ఈ రెండో దారిది. దాన్ని తక్కువ చేసి చూడటం అన్యాయం.

ఫోనులోకి వచ్చాక

ఫిన్లాండ్‌కు చెందిన సూపర్‌సెల్ 2012లో తెచ్చిన క్లాష్ ఆఫ్ క్లాన్స్ స్ట్రాటజీని జేబులోకి చేర్చింది. గోడలు కట్టడం, సైన్యాన్ని పెంచడం, పక్కవాడి ఊరిని దోచుకోవడం. ఒక్కో దాడి మూడు నిమిషాల్లో ముగుస్తుంది. 2017లో బెంగళూరు సంస్థ మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ ఇదే బాణీలో బాహుబలి ఆటను తెచ్చి మాహిష్మతి కోటను ఫోన్ తెర మీద నిలబెట్టింది. హైదరాబాద్‌కు చెందిన హిట్‌వికెట్ అయితే క్రికెట్‌నే స్ట్రాటజీగా మార్చింది. బ్యాటు ఊపడం కంటే జట్టు కూర్పు, బౌలర్ల వరస ముఖ్యమైన ఆట అది. 2020లో కేంద్రం నిర్వహించిన ఆత్మనిర్భర్ యాప్ పోటీలో గేముల విభాగంలో గెలిచింది.

యాక్షన్ వైపు పబ్‌జీ మొబైల్ 2018లో వచ్చి కాలేజీ హాస్టళ్లను ఊపేసింది. ఎరాంగెల్ దీవి మీద వందమంది దిగి, చివరికి ఒక్కడో ఒక్క జట్టో మిగిలేదాకా పోరు. 2020 సెప్టెంబరులో కేంద్రం నిషేధించిన యాప్‌లలో అదీ ఉంది. 2021లో బీజీఎంఐ పేరుతో తిరిగి వచ్చింది, 2022లో మళ్లీ ఆగింది, 2023 మేలో మళ్లీ మొదలైంది.

ఫోను ఆటలతో ఇంకో మార్పు వచ్చింది. కొన్న ఆట ఆటగాడి సమయాన్ని గౌరవించేది, ఎందుకంటే డబ్బు ముందే వచ్చేసింది. ఉచితంగా దొరికే ఆట బతకాలంటే ఆటగాడు మళ్లీ మళ్లీ రావాలి. కట్టడం పూర్తవడానికి రోజుల తరబడి ఆగమంటుంది, ఆగలేకపోతే రత్నాలు కొనుక్కోమంటుంది. రోజూ లాగిన్ అయితే కానుక, ఒకరోజు మానేస్తే ఆ వరస తెగిపోతుంది. నిర్ణయానికి ఇచ్చే వ్యవధి ఇక్కడ ఎదురుచూపుగా మారి అమ్మకానికి వచ్చింది. బీజీఎంఐ మ్యాచ్ అరగంట దాకా సాగుతుంది, నడుమ పాజ్ చేసే వీలు లేదు. అన్నానికి రమ్మని అమ్మ పిలిస్తే జట్టును వదిలేసి వెళ్లలేక పిల్లాడు తల తిప్పడు. ఇళ్లలో ఆటల మీద జరిగే గొడవల్లో చాలా భాగం ఆ పాజ్ లేకపోవడం దగ్గర మొదలవుతాయి. మ్యాచ్ ఎంతసేపో తెలిసిన తల్లిదండ్రులు భోజనం వేళకు ముందు కొత్త మ్యాచ్ మొదలుపెట్టొద్దని చెబితే సగం తగవులు తీరతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ను తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. ఎక్కువసేపు ఆడటాన్నే జబ్బుగా ఆ సంస్థ లెక్కించలేదు. ఆట మీద అదుపు తప్పడం, చదువూ పనీ ఇంటి బాధ్యతల కంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కళ్లకు కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇదంతా సాధారణంగా 12 నెలలపాటు కొనసాగడం దాని లక్షణాలు. ఇంట్లో అలాంటి పరిస్థితి కనిపిస్తే ఫోను లాక్కోవడంతో సరిపెట్టకుండా వైద్యుల్ని కలవడం మేలు.

రెండో వైపు కూడా శాస్త్రం మాట్లాడింది. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో షాన్ గ్రీన్, డఫ్నీ బవేలియర్ 2003లో ఒక ప్రయోగం చేశారు. ఆటలు ఆడని వాళ్ల చేత రోజుకు గంట చొప్పున పది రోజులు మెడల్ ఆఫ్ ఆనర్ అనే యాక్షన్ ఆట ఆడించారు. ఇంకో బృందం చేత టెట్రిస్ ఆడించారు. యాక్షన్ ఆట ఆడినవాళ్లకు చూపుతో ఒకేసారి అనేక విషయాలను గమనించే శక్తి మెరుగుపడింది. ఈ మెరుగుదల రోజువారీ జీవితంలో ఎంతవరకు పనికొస్తుందన్న దాని మీద తర్వాత శాస్త్రవేత్తల మధ్య వాదాలు నడిచాయి. ఆ ప్రయోగంలో వాడింది కూడా రోజుకు గంటే అన్నది మాత్రం గుర్తుంచుకోదగ్గది.

ఎక్కడ మొదలుపెట్టాలి

ఇప్పుడు కొత్తగా ఆట మొదలుపెట్టేవాళ్లకు దారులు చాలానే ఉన్నాయి. తీరిక తక్కువైతే స్వీడన్‌లో తయారైన ద బ్యాటిల్ ఆఫ్ పాలిటోపియా మంచి తొలిమెట్టు. ఫోనులోనే ఆడవచ్చు, పర్‌ఫెక్షన్ పద్ధతిలో 30 వంతులకు ఆట ముగుస్తుంది. 2018లో వచ్చిన ఇంటు ద బ్రీచ్‌లో గడి ఎనిమిదికి ఎనిమిది. శత్రువు తర్వాతి ఎత్తు ఏమిటో ముందే కనిపిస్తుంది, తప్పించుకునే ఉపాయం ఆలోచించడమే ఆట. యాక్షన్ కావాలనుకునేవాళ్లు ముందు సెట్టింగులు తెరిచి కష్టం స్థాయిని తగ్గించుకోవడానికి మొహమాటపడకూడదు. 2019 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్‌లో వేగులవాడు తనంతట తానే మ్యాప్ తిరిగి వస్తాడు, పొలాలు వాటంతటవే మళ్లీ నాటుకుంటాయి. ఆర్ట్ ఆఫ్ వార్ పేరుతో పాఠాలు కూడా పెట్టారు. పాతికేళ్ల నాటి ఆట ఇంకా కొత్తవాళ్లను ఆకట్టుకుంటోందంటే ఈ ఓపికే కారణం.

ఆ ఆటను ఇన్నేళ్లు బతికించిన ఘనతలో సాధారణ ఆటగాళ్లకూ వాటా ఉంది. ఎన్‌సెంబుల్ స్టూడియోస్ 2009లో మూతపడింది. తర్వాత అభిమానులు కొందరు ఫర్‌గాటెన్ ఎంపైర్స్ పేరుతో తమ ఇష్టం కొద్దీ కొత్త నాగరికతలను జోడించారు. 2013లో అది అధికారిక విస్తరణగా మారింది. భారతీయులు తొలిసారి ఆ ఆటలోకి వచ్చింది అప్పుడే. 2022 ఏప్రిల్‌లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా పేరుతో ఆ ఒక్క నాగరికత విడిపోయి హిందుస్థానీలు, గుర్జరులు, బెంగాలీలు, ద్రవిడులు అయ్యారు. రాజేంద్ర చోళుడి దండయాత్రలను ఇప్పుడు ఎవరైనా తమ కంప్యూటర్లో నడపవచ్చు.

కాకతీయులకు మాత్రం అందులో ప్రత్యేకమైన అధ్యాయం లేదు. ఓరుగల్లు కోట ఈ ఆట కోసమే కట్టినట్టు ఉంటుంది. వెలుపల మట్టికోట, దాని లోపల గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తి చేయించిన రాతికోట, చుట్టూ కందకాలు, నాలుగు దిక్కులా ద్వారాలు. 1309-10లో మాలిక్ కాఫూర్ ముట్టడి, 1323లో ఉలుగ్ ఖాన్ చేతిలో పతనం. రాతి నిల్వలు ఎంత, మట్టిగోడ ఎన్నాళ్లు ఆగుతుంది, ధనమిచ్చి సంధి చేసుకోవాలా, కోటలోనే నిలవాలా అన్న ప్రశ్నలన్నీ కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి ముందు నిజంగానే నిలిచాయి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగంలో 1999 నుంచీ సినారియో ఎడిటర్ ఉంది. మ్యాప్ గీయడం, సైన్యాలను నిలపడం, ఏ సంఘటన తర్వాత ఏది జరగాలో రాయడం అన్నీ అందులోనే చేసుకోవచ్చు, ప్రోగ్రామింగ్ రాకపోయినా ఫరవాలేదు. వరంగల్‌లోనో హనుమకొండలోనో రాత్రిపూట గంటసేపు ఆడే కుర్రాడో అమ్మాయో ఆ పని మొదలుపెడితే, పూర్తయిన యుద్ధాన్ని ప్రపంచంలో ఎక్కడివాళ్లయినా దింపుకుని ఆడగలరు.